ఐసు డబ్బా ఏడవని రోజు

మా దాదా సైకిలెక్కితే మహబూబ్‌నగర్ కలెక్టరూ నల్లగొండ కలెక్టరూ చెరో వైపు నుంచి పరుగెత్తుకొచ్చి, రెండు జిల్లాల మధ్య పాతిన హద్దురాళ్లను పీకి చంకలో పెట్టుకుని, "నూరుద్దీన్ సాబ్, మీరు పోయినంక మళ్ల పాతుకుంటం, మీ చక్రానికి తగిలితె ఎట్ల?" అంటూ పక్కకు తప్పుకునేవాళ్లు.

ఇది నేను కళ్లారా చూడలేదు. నేను చూడలేదు కాబట్టి జరగలేదని మాత్రం ఎవరూ అనకూడదు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసినదాన్ని. నన్ను చూసి లెక్కల సారు, లెక్కల సారును చూసి నేను, ఇద్దరం ఒకే రోజు ఊపిరి పీల్చుకున్నాం. అందుకని ఇందులో వచ్చే కిలోమీటర్లన్నీ దాదా చెప్పినవి. గొప్పలు మాత్రం నావి.

మా దాదా, అంటే మా నాన్న నాన్న, అచ్చంపేటలో ఐసు అమ్మేవాడు. ఎండాకాలం నాలుగు నెలలు ఐసు, వానలు పడ్డాక గొడుగుల రిపేరు, తర్వాత పంచర్లు. మనిషి పొట్టి. సైకిలు పెద్దది. సీటు మీద కూర్చుంటే ఆయన కాళ్లు సగం దూరమే అందేవి. మిగతా సగం దూరం పెడలే పైకి వచ్చి ఆయన కాలును కలుసుకునేది. దూరం నుంచి చూసేవాళ్లకు ఐసు డబ్బా ఒక్కటే గాలిలో వస్తున్నట్టు, దాని ముందు ఎవరో ఒక తెల్ల టోపీ పెట్టినట్టు కనిపించేది.

"మీ దాదా నిఖా నాతోని చేసుకున్నడు, కాపురం సైకిల్‌తోని చేస్తుండు," అని మా దాదీ లాడ్లీ బేగం ఇప్పటికీ అంటుంది. ఆ మాట వినపడినప్పుడల్లా దాదా సైకిలు చైనుకు నూనె వేస్తాడు.

ఆయనకు ఒక పట్టు ఉంది. తారు రోడ్డు ఎక్కడు. ఎక్కాల్సి వస్తే అడ్డంగా దాటుతాడు, అది కూడా దిగి, తోసుకుంటూ, కాలువ దాటినట్టు. ఆయనవన్నీ మొరం బాటలు, బండ్ల బాటలు, గొర్రెల బాటలు. అచ్చంపేట నుంచి వాగు దాకా, వాగు దాటి నల్లగొండ జిల్లా గుట్టల దాకా ఆయనకు తెలియని బాట లేదు. ప్రతి బాటకూ ఆయన ఒక పేరు పెట్టుకున్నాడు. రెండు వైపులా సీతాఫలం చెట్లు ఒరిగి నీడ పట్టే బాట పెళ్లికూతురు బాట. ఏ ఎత్తూ పల్లమూ లేక తొక్కుతూ తొక్కుతూ కన్ను మూతపడేది నిద్ర బాట. ఎంత ఎక్కినా ఇంకా ఎక్కమనేది, దిగేటప్పుడు కూడా గులకరాళ్లతో సతాయించేది అత్త బాట. ఆ పేరు దాదీ ముందు పలికినప్పుడు ఆ పూట ఆయనకు కూర ఉండదు. అది తన తల్లి పేరు మీద పెట్టాడని దాదీ అనుమానం.

మొరం మీద సైకిలు తొక్కడం అందరికీ రాదు. టైర్లలో గాలి జర తక్కువ ఉండాలి, లేకపోతే రాయి రాయికీ చక్రం ఎగురుతుంది. దిగేటప్పుడు ముందు బ్రేకు పట్టకూడదు. పడితే సైకిలు ఆగుతుంది, మనిషి ఆగడు. తుమ్మ ముళ్లకు టైరు లోపల పాత చెప్పు తోలు పరచాలి. ఇవన్నీ నాకు తెలుసు. ఎందుకంటే ఇవన్నీ నా మోకాళ్ల మీద రాసి ఉన్నాయి.

తారు రోడ్డు ఎందుకు ఎక్కవని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్పేవాడు. దాదీకి లారీల భయమని చెప్పాడు. దోస్తులకు బస్సెక్కి పోయేవాడు ఐసు కొనడని చెప్పాడు. అసలు సంగతి నాకు ఒక్కదానికే చెప్పాడు, అది కూడా నేను ఆయన గొడుగు పుల్లలు దాచిపెట్టి బెదిరిస్తే.

అసలు సంగతి డబ్బా. దాదా ఐసు డబ్బా చెక్కది. లోపల రేకు, రేకుకూ చెక్కకూ మధ్య దట్టంగా వరిపొట్టు. అడుగున వేలు పట్టేంత బెజ్జం, దానికి గుడ్డ వత్తి. లోపల ఐసు కరిగే కొద్దీ ఆ వత్తి నుంచి నీటిచుక్క వెనక మడ్‌గార్డు మీద పడుతుంది. టిక్. కాసేపటికి ఇంకో టిక్. లోపల ఐసు ఎట్లా ఉందో చూడాలంటే మూత తెరవాలి. మూత తెరిస్తే చలి పోతుంది. అందుకే దాదా చూడడు, వింటాడు. నింపాదిగా టిక్కుమంటే ఫికర్ లేదు. టిక్ టిక్ టిక్‌మని తొందరపడితే డబ్బా ఏడుస్తోందన్నమాట. అప్పుడు దిగి, హ్యాండిల్‌కు వేలాడే సంచిలోంచి పిడికెడు దొడ్డుప్పు తీసి, మూత కొంచెం ఎత్తి ఐసు గడ్డల మీద చల్లేవాడు. ఉప్పు పడితే చలి ఇంకా గట్టిపడుతుంది, అడుగున తడి వత్తి కూడా గడ్డకడుతుంది, డబ్బా ఏడుపు ఆపుతుంది. ముప్పై ఏళ్లుగా అదే పని.

"తారు రోడ్డు మీద లారీ మొత్తుకోలుల నా డబ్బా ఏడుపు నాకు ఎట్ల ఇనవడ్తది?" అన్నాడు.

నేను నవ్వాను. తర్వాత తొంభై మూడో సంవత్సరం సంగతి చెప్పాడు. అప్పుడు నవ్వలేదు. ఆ సంగతిలో సగం గొర్లకాపరి బీరన్న తాత చెప్పాడు, పావు అత్త బాట కింది వాడలో ఉండే జానమ్మ అవ్వ చెప్పింది. ముగ్గురివీ కలిపి కుట్టాను.

ఆ ఏడు మృగశిర కార్తె మొదటి వారమే రెండు పెద్ద వానలు పడ్డాయి. గుట్టలు పచ్చబడ్డాయి. ఐసు కార్ఖానా ఇంకో నాలుగు రోజుల్లో మూసేస్తారు. దాదా పొద్దున్నే డబ్బా నింపుకుని వాగవతల పలుగుగుట్ట కింద గొర్లకాపరుల దొడ్లకు పోయాడు. తారు రోడ్డు మీద అయితే ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. దాదా బాటలో పదహారు. తొమ్మిది గంటలకు దొడ్డి దగ్గర దిగి, హారన్ పొంపొంమని నొక్కితే ఒక్క పిల్ల రాలేదు.

"హారన్ ఆపు నూరన్నా," అన్నాడు బీరన్న. ఆయన కురుమ పెద్దమనిషి, దాదా ఈడువాడు. భుజం మీద గొంగడి లేకుండా దాదా ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు గొంగడి నేల మీద పడి ఉంది, బీరన్న దాని పక్కన కూర్చుని ఉన్నాడు. "ఇయ్యాల ఐసు దినే నోరు ఈడ ఎవ్వనికి లేదు."

"ఏమాయె?"

"చిటుకు రోగం. నిన్నటి సంది అవతలి మందల పడ్తున్నయ్. పొద్దుగాల మేసిన గొర్రె పగటీలికి లేదు."

కొత్త పచ్చిక మొలిచినప్పుడు వచ్చే రోగం అది. ఆశగా మేసిన గొర్రె ఉన్నట్టుండి కాళ్లు కొట్టుకుని పడిపోతుంది. పడ్డదాన్ని లేపే మందు లేదు. పడకముందే సూది వేయాలి. బీరన్నకు గుంట భూమి లేదు. నూట ఇరవై గొర్రెలున్నాయి. ఆయనకూ, ఆయన భార్య గోపమ్మకూ అవే పొలం, అవే ఇల్లు. అవి రెండు రోజులుగా ఆ పచ్చికే మేశాయి.

పశువుల దవాఖాన కంపౌండర్ రామచంద్రం ముందురోజు సాయంత్రమే అక్కడికి వచ్చి ఉన్నాడు. చేతిలో సూది ఉంది, మందు లేదు.

"ఫ్లాస్కుల పట్టినంత తెచ్చిన. రెండు మందలకు అయిపోయింది," అన్నాడు. "ఇంకొన్ని సీసాలు అచ్చంపేట దవాఖాన ఫ్రిజ్‌ల ఉన్నయ్. ఒక్కోటి నలభై గొర్లకొస్తది. మూడైతె సరిగ్గ బీరన్న మందకు సరిపోను. గని రేపు పొద్దుగాల అవి వేరే మండలానికి పోతయ్. వాగు రోడ్డు మీదికెక్కింది, బస్సు లేదు. మందు చేతికొచ్చినా ఈ ఉక్కల ఐసు లేకుంట ఈడిదాంక ఆగది."

ఐసు అన్న మాట వినగానే గోపమ్మ తల తిప్పి దాదా డబ్బా వైపు చూసింది. బీరన్న చూశాడు. కంపౌండర్ చూశాడు. దాదా కూడా వెనక్కి తిరిగి, ఆ డబ్బాను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"సైకిల్ మీద గంత దూరం ఎట్ల పోయొస్తవ్ నూరుద్దీన్? పొద్దుమీకితె నేను సూది వెయ్యలేను," అన్నాడు కంపౌండర్. "తారు రోడ్డు మీద పోనురాను డెబ్బై ఆరు..."

"తారు రోడ్డు పేరు నా ముంగట తియ్యకుండ్రి సార్. చిట్టీ రాసియ్యుండ్రి."

కంపౌండర్ చిట్టీ రాసి, చదివి కూడా వినిపించాడు. మందు చల్లగా ఉండాలి. గడ్డకట్టకూడదు. "గడ్డకడితె ఇగ గా మందు నీళ్లే. సమజైందా?"

"సమజైంది," అన్నాడు దాదా. ఆయన చెవికి సమజైన మాట నిజమే.

గోపమ్మ రెండు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టి హ్యాండిల్‌కు, ఉప్పు సంచి పక్కనే తగిలించింది. "అన్నా, జర తొందర," అంది.

ఇక పోయాడు చూడండి మా దాదా! పోకముందు టైర్లలోంచి ఇంత గాలి వదిలాడు. హారన్ రబ్బరు బుగ్గ పీకి జేబులో వేసుకున్నాడు, గతుకులకు అది మోగితే దారిలో పిల్లలు కమ్ముకుంటారని. డబ్బాలో మిగిలిన ఐసంతా పిల్లల ముందు దొడ్డి గోడ మీద పేర్చాడు, బరువు తగ్గడానికి. పలుగుగుట్ట కింద నేలంతా తెల్లని పలుగురాళ్లు. వాటి మీద చక్రం పోతుంటే పేలాలు వేగినట్టు చప్పుడు. వాగు దగ్గర తారు రోడ్డు వైపు చూస్తే లారీలు, బస్సులు, జీపులు వరస కట్టి నిలబడి ఉన్నాయి. దాదా మాత్రం ఎగువన నీళ్లు బండ మీద పలుచగా పరుచుకునే చోట దిగి, మడమల లోతులో సైకిలు తోసుకుని ఈ జిల్లాలోకి వచ్చాడు. నిద్ర బాట మీద ఆ రోజు నిద్ర లేదు. అత్త బాట దిగేటప్పుడు బ్రేకు ముట్టనే లేదని ఆయన అంటాడు. వెనక బ్రేకు రబ్బరు ఆ రోజే అరిగిపోయిందని దాదీ అంటుంది.

పదిన్నర దాటాక దవాఖాన చేరాడు. అటెండరు చిట్టీ చూసి, ఫ్రిజ్‌లోంచి మూడు సీసాలు తీసి, "గడ్డకట్టొద్దంట" అని మళ్లీ చెప్పాడు. అక్కడి నుంచి ఐసు కార్ఖానా. పగలగొట్టిన ఐసు గడ్డలు అడుగున, వాటిలో మూడు సీసాలు, పైన ఒక రేకు పళ్లెం, పళ్లెంలో పాతిక పుల్ల ఐసులు. పుల్ల ఐసులు ఎందుకంటారా? పుల్ల ఐసులు లేని డబ్బాతో అచ్చంపేట దాటడం దాదాకు ఎన్నడూ లేదు. ఎంత తొందరైనా నాలుగు ఐసులు పడాల్సిందే. ఆ అలవాటును మీరు గుర్తు పెట్టుకోండి. ఇంకో అలవాటు సంగతి దారిలో చెబుతాను.

డబ్బా మూత వేసి, తాడు కట్టి, పెడల్ మీద కాలు పెట్టాడు. వెళ్లిపోయాడు.

ఎండ ఎక్కింది. వాన వెలిసిన మర్నాటి ఎండ, పైన మంట, కింద ఆవిరి. దాదాకు అప్పటికి యాభై ఆరేళ్లు. పెళ్లికూతురు బాట దాటాడు. నిద్ర బాట దాటాడు. అత్త బాట మొదలయ్యే చోట ఒక చిన్న వాడ ఉంది, అయిదారు ఇళ్లది. ఆ వాడ మొగదలలో బాటకు అడ్డంగా కర్ర పట్టుకుని జానమ్మ అవ్వ నిలబడి ఉంది. ఆమెకు నోట్లో ఒక్క పన్ను లేదు. ఐసు ఒక్కటే నమలకుండా తినగలిగే తిండి అని ఆమె లెక్క. ఇంత పచ్చి ఆముదాల గింజలు పోసి దాదా పోయినప్పుడల్లా ఒక ఐసు తీసుకుంటుంది. అంతకు ముందు డబ్బా కింద అరచెయ్యి పెట్టి, పడే చుక్కలు పట్టి కళ్లకు అద్దుకుంటుంది. కళ్ల మంటకు చలువట.

"ఆగు సాయిబూ!"

"ఇయ్యాల కాదు అవ్వా, దండం బెడ్త. బీరన్న గొర్లకు మందు కొంచవోతున్న."

"గొర్లకు మందు, నాకు మన్నా? పొద్దుగాల కిందికి ఉరికినప్పుడు సుత నా దిక్కు సూడలే. ఆగు, నేను ఐసు అడుగుతలేను. కండ్లు మండుతున్నయ్, జర నీళ్లు పట్టుకుంట."

సైకిలు ముందుకు పోకుండా ఆమె కర్ర చక్రానికి అడ్డం పెట్టింది. దాదా దిగాడు. అవ్వ వంగి డబ్బా కింద అరచెయ్యి చాచింది. చాచి ఉంచింది. కొంగుతో నుదురు తుడుచుకుని మళ్లీ చాచింది.

"ఇదేంది సాయిబూ, ఇయ్యాల నీ డబ్బా ఏడుస్తలేదేంది?"

దాదా అప్పుడు విన్నాడు. అంటే, ఏమీ వినలేదు. బాట మీద బండి లేదు, మనిషి లేడు. గాలి కూడా లేదు. అంత నిశ్శబ్దంలో ఒక్క టిక్ లేదు. అచ్చంపేట నుంచి ఇక్కడి దాకా ఆయన విన్నది తన రొప్పు ఒక్కటే. ఏ రోజైనా ఆ సంగతికి మురిసిపోయేవాడు. ఆ ఎండలో డబ్బా ఏడవడం లేదంటే ఐసు రాయిలా ఉందన్నమాట. రాయిలా ఎందుకుంది?

ఆయన హ్యాండిల్ వైపు చూశాడు. ఉప్పు సంచి సగానికి దిగిపోయి ఉంది.

చెవికి సమజైంది గానీ, చేతికి ఎవరూ చెప్పలేదు. కార్ఖానా దగ్గర మూత వేసే ముందు ఆ చెయ్యి, ముప్పై ఏళ్లుగా వేసినట్టే, పిడికెడు కాదు, తొందర కొద్దీ నాలుగు పిడికిళ్లు ఉప్పు వేసేసింది. వేసినట్టు కూడా ఆయనకు గుర్తు లేదు.

"యా అల్లా!" అంటూ తాడు తెంపినంత పని చేసి డబ్బాను బాట మీదికి దించాడు. మూత తెరిచాడు. జీవితంలో మొదటిసారి మిట్టమధ్యాహ్నం, నడి బాటలో, బార్లా తెరిచాడు. పళ్లెం తీసి పక్కన పెట్టి ఐసులోకి రెండు చేతులూ దూర్చాడు. మొదటి సీసా ఊపాడు. గలగల. రెండోది ఊపాడు. గలగల. మూడోది అట్టడుగున ఉప్పునీళ్లలో పడి ఉంది. ఊపితే చప్పుడు లేదు. ఎండకెత్తి చూస్తే లోపల తెల్లగా గడ్డ.

జానమ్మ అవ్వ ఇంకా చెయ్యి చాచే ఉంది. "ఏమాయె కొడుకా?" అంది. సాయిబు పోయి కొడుకు వచ్చాడు.

"కొంప ముంచుకున్న అవ్వా."

"మిగిలిన రొండు?"

ఆ మాటతో దాదా కదిలాడు. ఉప్పు ఐసంతా బాట పక్కన కుమ్మరించాడు. డబ్బాను అవ్వ బానలోని నీళ్లతో కడిగాడు. ఇప్పుడు చలి కావాలి, ఉప్పు తగలని చలి. అది ఎక్కడుంది? రేకు పళ్లెంలో, పాతిక పుల్లల మీద. ఎర్రవి, పచ్చవి, నారింజవి. సీసాలను తన రుమాలులో చుట్టి, పుల్ల ఐసుల మధ్య పడుకోబెట్టాడు. ఒక్క ఐసు మాత్రం తీసి అవ్వ చేతిలో పెట్టాడు.

"నాకెందుకు, దాంట్లనే ఉండనియ్యి," అంది అవ్వ. అంది గానీ, అప్పటికే నోట్లో పెట్టేసింది.

అత్త బాట ఎక్కుతుంటే డబ్బా ఏడుపు మొదలుపెట్టింది. టిక్. ఎర్రచుక్క. టిక్. పచ్చచుక్క. ఆ ఏడుపు విని మా దాదా నవ్విన నవ్వు గుట్టలన్నీ విన్నాయట. నేను నమ్ముతాను. ఆయన నవ్వితే మా ఇంట్లో గిన్నెలు కదులుతాయి.

మూడో సీసా మాత్రం ఆయన అంగీ జేబులో ఉంది. ఒంటి వేడికి, ఎండకు అది మెల్లగా కరిగింది. వాగు దాటేసరికి దాన్ని ఊపితే మిగతా రెండింటిలాగే గలగలమంది. చూస్తే తేడా లేదు. రంగు కూడా అదే. "గా సంగతి నాకొక్కనికే ఎరుక, అల్లాకెరుక," అని దాదా నాకు చెప్పినప్పుడు నేను అడిగాను, "మరి చెప్పకపోతే ఏమయ్యేది?" అని. నా వైపు చూశాడు. ఆ చూపుకు నేను గొడుగు పుల్లలన్నీ తిరిగి ఇచ్చేశాను.

ఒంటిగంటకు దొడ్డి చేరాడు. బీరన్న ఎదురొచ్చి సైకిలు పట్టుకున్నాడు. రంగులన్నీ పూసుకున్న రెండు సీసాలను కంపౌండర్ తుడిచి ఊపి చూశాడు. "శెభాష్! సల్లగ మంచిగున్నయ్. మూడోది?"

దాదా జేబులోంచి తీశాడు. కంపౌండర్ దాన్నీ ఊపాడు. "ఇది సుత మంచిగనే..."

"అది వద్దు సార్. గడ్డకట్టి కరిగింది. ఉప్పు ఏసిన."

కంపౌండర్ సీసా ఉన్న చెయ్యి దించాడు. దొడ్లో గొర్రెలు అరుస్తున్నాయి, మేతకు వదలమని.

"ఉప్పా?" అన్నాడు బీరన్న. "ఎవడేయమన్నడు?"

"ఎవ్వలు అన్లే. చెయ్యే ఏసింది."

"నీ చెయ్యి ఇరగ! నలభై గొర్లు నూరన్నా! నలభై! ఏ నలభై గొర్లను ఇడువాల్నో నువ్వే వచ్చి చెప్పు. రా! చూపియ్యి!" అని బీరన్న దాదా రెక్క పట్టుకుని దొడ్డి కంప దాకా ఈడ్చుకుపోయాడు. దాదా పోయాడు. నిలబడి చూశాడు. ఈనబోయే గొర్రెలున్నాయి, నిన్న పుట్టిన పిల్లలున్నాయి, గంట కట్టిన పెద్ద పొట్టేలు ఉంది. ఆయన వేలు ఎత్తలేకపోయాడు.

గోపమ్మే తెగేసి చెప్పింది. "ఈనే గొర్లకు ముందుగాల ఎయ్యుండ్రి సార్. పొట్టేళ్లు, గొడ్డుగొర్లు ఎన్కకు." తర్వాత దాదా వైపు తిరిగింది. "అన్నా, దవాఖానల ఇంకో సీస ఉంటదా?"

"ఉంటయ్," అన్నాడు కంపౌండర్. "రేపు పొయ్యేటియి ఫ్రిజ్‌ల ఇంక నాలుగైదున్నయ్. చిట్టీ నేను రాసిస్త, మా వాళ్లతోని మాట నేను పడ్త. గని ఇతను మళ్ల..."

వెనక్కి తిరిగి చూస్తే దాదా లేడు. పెడల్ మీద ఎక్కుతున్నాడు. చిట్టీ పట్టుకుని కంపౌండరే ఆయన వెనక ఉరికాడు.

ఆ రెండో పయనం గురించి దాదా ఎక్కువ చెప్పడు. కాళ్లు ఎవరివో అనిపించాయట. వాగు దగ్గర ఎగువ బండ మీద జారి పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది, సైకిలు కింద తానున్నాడు, సైకిలు మీద డబ్బా ఉంది. లేచి ముందు డబ్బా చూసుకుని, తర్వాత సైకిలు చూసుకుని, మోకాలి సంగతి మర్నాడు చూసుకున్నాడు. తారు రోడ్డు మీద లారీలు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాయి. ఒక డ్రైవరు దూరం నుంచి కేక వేశాడట, "ఓ సాయిబూ, ఎన్నిసార్లు దాటుతవ్? మాకు సుత బాట చూపియ్యరాదూ!" అని.

"నీ లారీ పట్టే బాట కాదు నాది!" అని దాదా తిరిగి కేక వేశాడు. ఆ రోజు మొత్తంలో గర్వంగా అన్న మాట అదొక్కటే.

రెండున్నరకు మళ్లీ దవాఖాన. అటెండరు చిట్టీ చదివి, దాదా మోకాలు చూసి, వెంటనే సీసా ఇచ్చాడు. ఐసు కార్ఖానా దగ్గర దాదా ఉప్పు సంచి విప్పి, అక్కడి మేస్త్రి చేతిలో పెట్టి, "నేను పొయ్యేదాంక నాకు ఇయ్యకు. అడిగినా ఇయ్యకు," అన్నాడు. మేస్త్రికి ఏమీ అర్థం కాలేదు. ఇచ్చిన మాట మాత్రం నిలబెట్టుకున్నాడు. దాదా చెయ్యి నిజంగానే రెండు సార్లు అడిగిందట.

తిరుగు దారిలో జానమ్మ అవ్వ వాడ మొగదలలో మళ్లీ నిలబడి ఉంది. ఈసారి కర్ర అడ్డం పెట్టలేదు. తన వెనక వాడలోని ఆడవాళ్లను, మగవాళ్లను, ముక్కు చీదే పిల్లలను నిలబెట్టింది. "నూకుండ్రి!" అని ఒక్క కేక. వాడంతా సైకిలు వెనక పట్టింది. అత్త బాట మొత్తం, గులకరాళ్లు జారిపోతుంటే, నవ్వుకుంటూ, తిట్టుకుంటూ పైదాకా తోసుకుపోయారు. దాదా సీటు మీదే ఉన్నాడు. పెడల్ తొక్కకుండా అంత ఎత్తు ఎక్కడం ఆయనకు అదే మొదటిసారి. చెవి ఒక్కటి వెనక్కి పెట్టి విన్నాడు. అంత గోలలో వినపడలేదు. "అవ్వా, ఏడుస్తుందా?" అని అరిచాడు.

అవ్వ డబ్బా కింద చెయ్యి పెట్టి నడుస్తోంది. "మస్తు ఏడుస్తుంది కొడుకా! నువ్వు పో!"

నాలుగున్నరకు సీసా కంపౌండర్ చేతిలో పడింది. పొద్దు గుట్ట మీద ఉండగానే చివరి గొర్రెకు సూది పడింది. చివరిది ఆ గంట పొట్టేలే. బీరన్న దాని కొమ్ములు పట్టుకుని, సూది దిగాక దాన్ని వదిలి, దాదా పక్కకు వచ్చి కూలబడ్డాడు. గోపమ్మ కట్టిచ్చిన రొట్టెలు హ్యాండిల్‌కు అట్లాగే వేలాడుతున్నాయి. బీరన్న వాటిని విప్పి, ఒకటి దాదాకు ఇచ్చి, ఒకటి తాను తిన్నాడు. "నీ చెయ్యి ఇరగ అన్న గద, ఇరగొద్దు," అన్నాడు చివరికి.

సూది మందు ఒంటికి పట్టేదాకా, పది రోజులు గొర్రెలను పచ్చికకు వదలలేదు, ఎండు మేతే వేశారు. మూడు గొర్రెలు పోయాయి. ఆ మూడింటినీ దాదా ఎప్పుడూ వదలకుండా చెబుతాడు. నూట పదిహేడు నిలిచాయి. మరుసటి ఏడు ఆ గొర్రెల ఉన్ని నుంచి గోపమ్మ వడికిన దారంతో బీరన్న ఒక గొంగడి నేయించి తెచ్చాడు. దాదా దాన్ని ఒక్కసారి కూడా కప్పుకోలేదు. డబ్బా మీద కప్పాడు. ఇప్పటికీ దాని మీదే ఉంది. ఉప్పు సంచి మాత్రం హ్యాండిల్ మీద లేదు. అంగీ అడుగు జేబులో, ఏడు ముడులు వేసి ఉంటుంది. ముడులు విప్పేలోగా చెయ్యి ఏం చేస్తోందో తలకు తెలుస్తుందని.

ఇదంతా రాసి, మొన్న వాకిట్లో చక్రం చువ్వలు బిగిస్తున్న దాదా దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. కలెక్టర్ల దగ్గర దాదీ పగలబడి నవ్వింది. ఉప్పు దగ్గర నేనే కాస్త తడబడి, గొంతు తగ్గించి, తొందరగా చదివేశాను. దాదా చక్రం తిప్పుతూ విన్నాడు, డబ్బాను విన్నట్టే.

"ఉప్పు సంగతి తీసేయమంటవా దాదా?" అని అడిగాను. "అది లేకున్నా కథ మంచిగనే ఉంటది."

ఆయన చక్రాన్ని ఆపాడు.

"కలెక్టర్లను కొట్టెయ్యి. ఉప్పు ఉండనియ్యి."